మెలితే ద్వీపంలో ఒక రోజు

అపొస్తలుల కార్యముల గ్రంథంలో చివరి రెండు అధ్యాయాలు చదివినవారందరికీ మెలితే అనే పేరు తెలుసు. పౌలును ఖైదీగా రోమాకు తీసుకుపోతున్న ఓడ పెనుగాలిలో చిక్కి బద్దలైనప్పుడు, అందులో ఉన్న 276 మందీ ప్రాణాలతో చేరుకున్నది ఆ ద్వీపానికే. సండేస్కూలులో ఈ కథ చెప్పని టీచరు ఉండరు. ఆ మెలితే ఈనాడు మాల్టా అనే పేరుతో ఒక స్వతంత్ర దేశంగా ఉందనీ, అక్కడ మన దేశపు పిల్లలు ఎందరో పనిచేస్తున్నారనీ చాలామందికి తెలియకపోవచ్చు. మా అమ్మాయి అక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సు. ఆమెను చూడడానికి నేనూ మా శ్రీమతీ ఒక మార్చి నెలలో వెళ్ళాము. ఆమెకు సెలవు దొరికిన రోజున అద్దెకారు తీసుకొని ఉదయంనుండి చీకటి పడేవరకు తిరిగాము.

ఒక దేశాన్ని ఒక్క రోజులో ఎలా చూస్తారని ఆశ్చర్యపడకండి. మాల్టా, గోజో, కొమినో అనే మూడు దీవులు కలిసినదే ఈ దేశం. మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు. మన మండలాలు రెండు కలిపితే ఇంచుమించు అంతకంటే ఎక్కువే ఉంటాయి. వాటిలో పెద్దదైన మాల్టా దీవి పొడవు 27 కిలోమీటర్లు, వెడల్పు 14 కిలోమీటర్లు. ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఇటలీవారి సిసిలీ ద్వీపం. జనాభా 5 లక్షలకు పైన. పెద్ద కొండలు లేవు, ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. ఎటు చూసినా తేనెరంగు సున్నపురాయి. ఇళ్లు, గుళ్లు, గోడలు, చివరకు పొలాల గట్లు కూడా ఆ రాయితో కట్టినవే.

ఇంగ్లీషువారు 1800 నుండి 1964 వరకు ఈ దీవులను ఏలారు. అందుచేత మనలాగే ఇక్కడా రోడ్డుకు ఎడమవైపునే బండ్లు నడుపుతారు. "చూశావా నాన్నా, ఇంటి దగ్గర నడిపినట్టే ఉంటుంది" అంది అమ్మాయి స్టీరింగు పట్టుకొని. వెనుక సీటులో మా శ్రీమతి మాత్రం మొదటి అరగంటా పైకి వినబడేలా ప్రార్థన చేస్తూనే ఉంది.

ఓడ బద్దలైన తీరం

మొదట ఉత్తర తీరంలో ఉన్న సెయింట్ పాల్స్ బే అనే చోటికి వెళ్ళాము. నీళ్లు మూడువైపుల నుండి నేలలోకి చొచ్చుకువచ్చినట్టున్న తీరం. దాని ముఖద్వారం దగ్గర మనుషులు ఎవరూ కాపురముండని చిన్న దీవి ఉంది. 19వ శతాబ్దంలో దానిమీద పౌలు విగ్రహం ఒకటి నిలిపారు. ఓడ నేలకు తగిలింది ఇక్కడేనని ఈ దేశస్థుల నమ్మకం.

ఇది నమ్మకం మాత్రమేనా? జేమ్స్ స్మిత్ అనే స్కాట్లండు దేశస్థుడు ఈ సంగతి తేల్చాలని పూనుకున్నాడు. ఆయనకు ఓడలు నడపడంలో మంచి అనుభవముంది. 1844-45 చలికాలం మాల్టాలోనే గడిపి, 1848లో ఒక గ్రంథం ప్రచురించాడు. తెరచాపలు దించిన అంత పెద్ద ఓడ, ఆ కాలపు పెనుగాలికి రోజుకు ఎన్ని మైళ్లు కొట్టుకుపోగలదో లెక్క కట్టాడు. సుమారు 36 సముద్రపు మైళ్లు అని తేలింది. క్రేతు దగ్గరి కౌద దీవినుండి మాల్టాకు దూరం సుమారు 477 మైళ్లు. భాగించి చూస్తే పదమూడు రోజులు దాటి పధ్నాలుగో రోజులో పడుతుంది. లూకా వ్రాసినది పధ్నాలుగవ రాత్రి అనే గదా! నావికులు లోతు చూసినప్పుడు ఇరవై బారలు, మరికొంత దూరంలో పదిహేను బారలు వచ్చిందన్న మాట కూడా ఈ తీరానికి సరిపోతుందని ఆయన చూపించాడు. అది ఈ తీరం కాదు, దక్షిణాన ఉన్న మరొక తీరమని వాదించే పండితులూ ఉన్నారు. అసలు మాల్టాయే కాదు, వేరొక ద్వీపమన్నవారూ ఉన్నారు. కాని ఎక్కువమంది మాల్టా అనే ఒప్పుకుంటారు.

మేము వెళ్ళిన ఉదయం గాలి బలంగా ఉంది. అల వచ్చి నల్లబడిన రాళ్లమీద విరిగినప్పుడల్లా నీటి తుంపర మా ముఖాలమీద పడుతోంది. స్వెట్టరు మీద శాలువా కప్పుకున్నా మా శ్రీమతికి చలి ఆగలేదు. ఆమె చాలాసేపు ఆ రాళ్లవంకే చూసి, "తడిసిన బట్టలతో, వానలో, తెలియని ఊళ్లో! ఆ నిప్పు రాజేసినవాళ్లు ఎవరో గాని చల్లగా ఉండాలి" అంది. తరువాత అమ్మాయివైపు తిరిగి, ఇంటినుండి మనసులో పెట్టుకొచ్చిన ప్రశ్న అడిగింది: "నిన్ను ఎలా చూస్తున్నారమ్మా ఇక్కడివాళ్లు?"

"చెప్తాలే అమ్మా, ముందు చలికి కారెక్కు" అని అమ్మాయి నవ్వింది.

ఆ ప్రశ్న వెనుక కొంత కథ ఉంది. అమ్మాయిని పంపడానికి మేము అరెకరం తాకట్టు పెట్టాము. డబ్బు తీసుకున్న ఏజెంటు వేరే గది ఇస్తారని చెప్పాడు. వచ్చి చూస్తే రెండు గదుల్లో ఆరుగురు ఆడపిల్లలు. ఇప్పుడు ఒప్పందం నాలుగు నెలల్లో ముగుస్తుంది. ఇంకో రెండేళ్లు ఉంటావా అని ఆశ్రమంవారు అడిగారు. ఆ వారంలోనే జవాబు చెప్పాలి. అప్పు సగం తీరింది, సగం మిగిలింది. తల్లి మనసు వచ్చెయ్యమంటుంది, తాకట్టు కాగితం ఉండమంటుంది.

గోపురంలో పడ్డ బాంబు

అక్కడినుండి పావుగంటలో మోస్తా అనే ఊరు చేరాము. ఊరి మధ్య గుండ్రని గోపురంతో బ్రహ్మాండమైన రోమన్ కతోలిక దేవాలయం ఉంది. లోపల గోపురం అడ్డుకొలత సుమారు 37 మీటర్లు. దీనిని 1833లో మొదలుపెట్టారు. ఊరిజనం తమ పనులు చూసుకుంటూనే తీరిక దొరికినప్పుడల్లా వచ్చి రాళ్లు మోశారు. పాతగుడిని పడగొట్టకుండా దాని చుట్టూ కొత్త గోడలు లేపారు. గోపురం పూర్తయ్యేవరకు పాతగుడిలో ఆరాధన జరుగుతూనే ఉంది. మన ఊళ్లలో గుడి కట్టుకునే సంఘాలు ఈ మాట గమనించదగినది.

రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ, జర్మనీ విమానాలు ఈ చిన్న దేశంమీద కురిపించిన బాంబులకు లెక్కలేదు. 1942 ఏప్రిల్ 9వ తేదీ సాయంకాలం, ఆరాధనకు 250 మందికి పైగా ఇక్కడ కూడి ఉండగా ఒక బాంబు గోపురాన్ని చీల్చుకొని లోపల పడి నేలమీద దొర్లింది. అది పేలలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. తరువాత సైనికులు దానిని సముద్రంలో పారవేశారు. దాని నమూనా ఒకటి గుడిలో ఉంచారు. అది నా నడుము ఎత్తుకు పైనే ఉంది.

అదే నెల 15న ఇంగ్లండు రాజు ఆరవ జార్జి, ఈ ద్వీపవాసుల ధైర్యానికి గుర్తుగా దేశమంతటికీ కలిపి జార్జి క్రాస్ అనే పతకం ఇచ్చాడు. దాని బొమ్మ నేటికీ వారి జెండామీద ఉంది. పతకం వచ్చింది గాని అప్పటికి తిండి లేదు. ఓడలు రాలేకపోవడంచేత రొట్టెలు కొలిచి పంచుకున్నారు. ఆగస్టు 15న ఒహాయో అనే నూనె ఓడ, దాదాపు మునిగిపోతూ, రెండు పక్కల రెండు ఓడలు పట్టి ఉండగా రేవులోకి వచ్చేసరికి జనం గోడలెక్కి ఏడ్చారట.

నేలక్రింద భోజనపు బల్లలు

దీవి నడుమ మెట్టమీద ఇమ్దీనా అనే పాత కోట ఉంది. పూర్వం ఇదే రాజధాని. ఇప్పుడు కోటలో కాపురముండేవారు మూడు వందల మందికి లోపే. బయటి కార్లు రానివ్వరు. ఇరుకు వీధుల్లో మన చెప్పుల చప్పుడు మనకే వినబడుతుంది. రోమీయుల కాలంలో మెలితే పట్టణం ఇదే స్థలంలో ఉండేది. పౌలుకు మూడు దినాలు ఆతిథ్యమిచ్చిన పొప్లి అనే అధికారి ఈ పట్టణానికి చెందినవాడని ఇక్కడివారు చెప్పుకుంటారు.

కోట గుమ్మం దాటి నాలుగు అడుగులు వేస్తే రబాత్ ఊరు. అక్కడ సెయింట్ పాల్ పేర ఉన్న భూగర్భ సమాధులు చూశాము. రెండు వేల చదరపు మీటర్లకు పైగా రాతిని తొలిచి గదులు, అరలు చేశారు. ఇవి పౌలు కాలంనాటివి కావు; ఆయన తరువాత కొన్ని వందల ఏళ్లకు తవ్వినవి. పసిబిడ్డల కోసం తొలిచిన చిన్న చిన్న అరలు చూసి మా శ్రీమతి కళ్లు తుడుచుకుంది.

నా మనసుకు బాగా పట్టినవి రెండు. మొదటిది, ఒకే రాతికింద క్రైస్తవులు, యూదులు, అన్యులు దగ్గర దగ్గరగా పాతిపెట్టబడ్డారు. ఒకచోట సిలువ గుర్తు, కొంత దూరంలో యూదుల ఏడుకొమ్మల దీపస్తంభం చెక్కి ఉన్నాయి. రెండవది, సమాధుల మధ్యనే అదే రాతిలో చెక్కిన గుండ్రని భోజనపు బల్లలు. చుట్టూ ఒరిగి కూర్చోవడానికి వాలుగా అరుగు ఉంది. చనిపోయినవారి జ్ఞాపకార్థం బంధువులు, సంఘస్థులు ఇక్కడ కలిసి భోంచేసేవారు. దుఃఖంలో ఉన్నవారి ఇంటికి మనవాళ్లు అన్నం క్యారియరు తీసుకుపోవడం గుర్తుకొచ్చింది.

మట్టిని దాచుకునే రైతులు

రబాత్ దాటి డింగ్లీ అనే ఊరి మీదుగా పడమటి తీరానికి వెళ్ళాము. అక్కడ భూమి ఒక్కసారిగా తెగి 250 మీటర్ల లోతున సముద్రంలోకి దిగిపోతుంది. ఆ అంచున ఒంటరిగా ఒక చిన్న ప్రార్థనా మందిరం ఉంది. దూరాన నీటిలో ఫిల్‌ఫ్లా అనే రాతిదీవి. ఇంగ్లీషు సైన్యం ఏళ్ల తరబడి దానిని గురి చూసుకోవడానికి వాడి ఫిరంగులతో పగులగొట్టింది.

కాని వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నాకు సముద్రంకంటే పొలాలే ఎక్కువ నచ్చాయి. మడులు మన పెరటి దొడ్లంత చిన్నవి. సున్నం, సిమెంటు లేకుండా రాయిమీద రాయి పేర్చిన గోడలు వాటిచుట్టూ ఉన్నాయి. గాలి, వాన మట్టిని కొట్టుకుపోకుండా ఆ గోడలు ఆపుతాయి. నీరు మాత్రం సందుల్లోంచి పోతుంది. గోడల పక్కన, మన గట్లమీద ఉన్నట్టే, నాగజెముడు. దాని పండ్లను వీరు ముళ్లు తీసి తింటారు. మార్చి నెల కాబట్టి చేలల్లో బంగాళదుంప పచ్చగా ఉంది. ఈ దుంపలను హాలెండు దేశానికి ఎగుమతి చేస్తారట.

ఇక్కడ మట్టి జానెడు, మూరెడు లోతే. దానికింద రాయి. అందుచేత 1973లో ఒక చట్టం చేశారు. ఎవరైనా పొలంలో ఇల్లు కట్టదలిస్తే అక్కడి మంచి మట్టిని ముందుగా తీసి మరొక పొలానికి చేర్చాలి. మట్టిని పూడ్చిపెట్టి పైన కట్టడం నేరం. నల్లరేగడి భూములను ప్లాట్లు కొట్టి కంకర పోస్తున్న మనకు ఇది వింతగా తోస్తుంది.

నీటి సంగతీ అంతే. ఇంటికప్పు మీద పడిన వాననీటిని ఇంటికింద తొలిచిన తొట్టిలోకి దింపుకోవడం పూర్వంనుండి ఉన్న అలవాటు. ఈనాడు కుళాయిల్లో వచ్చే నీటిలో సగానికి పైగా సముద్రపు నీరే, యంత్రాలతో ఉప్పు తీసినది.

ఇదే తీరాన కొంచెం ముందుకు పోతే హజార్ ఈమ్, ఇమ్నైద్రా అనే రెండు రాతి గుళ్లు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం 3600-3200 మధ్య కట్టినవి. ఐగుప్తు పిరమిడ్లకంటే పాతవి. అబ్రాహాము కాలానికే అవి శిథిలాలన్నమాట. ఎండావానలకు అరిగిపోకుండా 2009లో వాటిమీద గుడారాలవంటి కప్పులు వేశారు. లోహపు పనిముటు ఒక్కటీ లేని ఆ రోజుల్లో అంతంత బండలను ఎలా నిలిపారో చూసి తీరవలసినదే.

చేపల రేవులో భోజనం

మధ్యాహ్నం రెండు దాటాక మార్సాష్లోక్ అనే పల్లెకారుల రేవు చేరాము. నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ చారలు వేసిన చెక్క పడవలు నీటిమీద ఊగుతున్నాయి. ప్రతి పడవ ముందు భాగంలో రెండు కళ్లు ఉన్నాయి. కీడు తగలకుండా పూర్వులు మొదలుపెట్టిన ఆచారం అది.

వేయించిన చేపా, నూనె, టమాటా పూసిన రొట్టే తెప్పించుకున్నాము. పక్క బల్లవారి మాటల్లో "దిన్యా", "క్తీబ్" అన్నమాటలు చెవిన పడ్డాయి. మాల్టా భాష అరబ్బీనుండి పుట్టి ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాయబడుతుందనీ, వాటి అర్థం లోకం, పుస్తకం అనీ అమ్మాయి చెప్పింది. అంటే మన హైదరాబాదువారి దునియా, కితాబే! అరబ్బీ మాటలతో యేసుక్రీస్తును ఆరాధించే జనం వీరు. దేవుడిని "అల్లా" అనే పిలుస్తారు.

అక్కడ మా శ్రీమతి మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఈసారి అమ్మాయి దాటవేయలేదు.

"అందరూ ఒక్కలా లేరమ్మా. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోనివారున్నారు. మీ దేశం వెళ్లిపోండి అన్నవాడూ ఉన్నాడు. కాని మొదటి చలికాలంలో నాకు జ్వరం వచ్చి ఐదు రోజులు లేవలేదు. మీకు చెప్తే కంగారుపడతారని చెప్పలేదు. కింది వాటాలో ఉన్న ముసలామె రోజూ మెట్లెక్కి చారు తెచ్చేది. తన గదిలోని హీటరు తెచ్చి నా మంచం దగ్గర పెట్టింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు వాళ్ల భాష రాదు. అప్పుడే నిర్ణయించుకున్నాను, భయపడి మాత్రం ఇక్కడినుండి పారిపోకూడదని. ఇంకో రెండేళ్లు ఉంటాను. పొలం విడిపించుకొని వస్తాను."

మా శ్రీమతి కొంతసేపు పడవలవైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె కాదనలేదు, సరే అని కూడా అనలేదు. చివరకు, "నేను తెచ్చిన ఆవకాయ జాడీలో సగం ఆమెకు ఇవ్వు" అంది.

"ఆమె తినలేదమ్మా, మంట!"

"నీళ్లు పోసుకొని తింటుంది. ఇవ్వు."

రాజధానిలో సాయంకాలం

వాలెట్టా నగరం చేరేసరికి ఎండ వాలింది. 1565లో తురుష్క సైన్యం ఈ దీవిని నాలుగు నెలలు ముట్టడించి వెనుదిరిగింది. మరుసటి ఏడాది, అంటే 1566లో, అప్పటి పాలకులైన సెయింట్ జాన్ యోధుల నాయకుడు లా వాలెట్ ఈ నగరానికి పునాది వేశాడు. ఆయన పేరే నగరానికి నిలిచింది. సెయింట్ జాన్ పేర వారు కట్టిన కతోలిక కథీడ్రల్ నేలంతా రంగుల పాలరాతి సమాధి పలకలే. అక్కడ కారవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు 1608లో వేసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదన చిత్రం ఉంది. ఆయన తన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. ఆ సంతకం యోహాను మెడనుండి కారిన రక్తంలో ఉంది.

ఇంకొంచెం నడిస్తే సన్నని ఎత్తైన శిఖరంతో ఆంగ్లికన్ దేవాలయం ఉంది. ఇంగ్లండు రాణి అడిలైడ్ ఇక్కడికి వచ్చి, ప్రొటెస్టంటులకు గుడి లేదని చూసి, తన డబ్బుతో 1839లో పునాది వేయించింది. ఆ రోజుల్లో ప్రొటెస్టంటు మిషనరీలు కూడా ఇక్కడ ఉండేవారు. అమెరికా మిషనరీలు 1822లో మాల్టాలో ముద్రణాలయం పెట్టారు. 1834లో దాని అరబ్బీ ముద్రణను బేరూతుకు మార్చారు.

మన ఊళ్లకు వచ్చే పరదేశులు

కోటగోడ మీదనుండి సముద్రం చూస్తుంటే ఒక సంగతి తలపుకొచ్చింది. 2002 తరువాత ఆఫ్రికానుండి చిన్న చిన్న పడవల్లో వేలాదిమంది ఈ నీటిని దాటడానికి ప్రయత్నించారు. కొందరు మాల్టా చేరారు. ఎందరో దారిలోనే మునిగిపోయారు. వచ్చినవారిని ఏం చేయాలనే విషయంలో ఈ చిన్న దేశంలో పెద్ద వాదాలు జరిగాయి. పౌలును చేర్చుకున్న ద్వీపమని గర్వపడడం తేలిక. ఈనాడు తలుపు తట్టినవారిని చేర్చుకోవడం కష్టం. ఈ మాట మాల్టాకే కాదు, మనకూ వర్తిస్తుంది.

లూకా ఆ ద్వీపవాసులను గురించి వాడిన గ్రీకు మాటకు గ్రీకు భాష రానివారని అర్థం. వారికి ఆ ఓడలోనివారు ఎవరో తెలియదు. వారిలో ఖైదీలున్నారు, సైనికులున్నారు. ఎవరు నేరస్థులో, ఎవరు కాదో విచారించకముందే నిప్పు రాజేశారు. మూడు నెలలు పోషించి, వెళ్లేటప్పుడు కావలసినవి ఓడలో పెట్టి పంపారు. సువార్త ఆ ద్వీపానికి చేరకముందే ఆ దయ అక్కడ ఉంది!

మన ఊళ్లకు మిరపకోతలకు, ఇటుక బట్టీలకు ఏటా దూరప్రాంతాలనుండి, పక్క రాష్ట్రాలనుండి కుటుంబాలతో కూలీలు వస్తారు. మన భాష వారికి రాదు. పొలాల పక్కన పరదాపట్టాల కింద పిల్లలతో చలికాలం గడుపుతారు. మన పిల్లలు దేశంకాని దేశంలో ఏ ముసలమ్మ చేతి చారు తాగి లేచి తిరుగుతున్నారో మనకు తెలియదు. ఆ ముసలమ్మకు మనం నేరుగా బదులు తీర్చలేము. కాని మన చేను గట్టుమీద జ్వరంతో పడుకున్న పరాయి బిడ్డకు ఒక గ్లాసు వేడినీళ్లు, ఒక కంబళి ఇవ్వగలము. ఈ చలికాలంలో మీ సంఘం స్త్రీల సమాజంవారు, యౌవనస్థులు ఒకసారి ఆ పట్టాలవైపు వెళ్లి చూడండి.